బండ్లవాగు ఓట్ల సాయిబు

పొద్దున్నే ఆఫీసు వరండాలో మైదాపిండి బంక ఉడుకుతోంది. ముసాయిదా ఓటర్ల జాబితాలు ఈరోజు ఊళ్లకు వెళ్లాలి, పంచాయతీ గోడలకు అంటించాలి. అటెండరు శ్రీను డబ్బాలో కర్ర పెట్టి కలుపుతుంటే, నేను ఇంటి నుంచి తెచ్చిన సీసా మూత తీసి అందులో వేపనూనె ఒంపాను. వాసన గుప్పున లేచింది. ఉడికిన పిండి కమ్మదనంలో వేపనూనె చేదు కలిస్తే వచ్చే ఆ వాసన ఎవరికీ నచ్చదు. నాకు మాత్రం కాసేపు అక్కడే నిలబడాలనిపించింది. శ్రీను ముక్కు మూసుకుని, "ఇదేంది మేడమ్, నేను ఇన్ని ఆఫీసులు చూశా, బంకలో వేపనూనె పోసేవాళ్లని ఎక్కడా చూడలా. ఎందుకంట?" అన్నాడు. "మేకలు తినకుండా," అన్నాను. పగలబడి నవ్వాడు. నవ్వనీ. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నేను అంతకంటే గట్టిగా నవ్వాను. నాకు ఆ మాట చెప్పినాయన మాత్రం నవ్వలేదు.

ఆయన పేరు షేక్ మస్తాన్‌వలి. బండ్లవాగు ఆఫీసులో ఎన్నికల డిప్యూటీ తహశీల్దారు. ఊళ్లలో అందరూ ఆయన్ను ఓట్ల సాయిబు అనేవారు, ఎదురుగా కూడా. బండ్లవాగు అనే శాసనసభ నియోజకవర్గం ఒకటి ఉండేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. మొన్న మా ఆఫీసుకు వచ్చిన కొత్త కుర్రాడొకడు, "అది ఊరు కదా మేడమ్, నియోజకవర్గం ఏంటి?" అన్నాడు. ఒళ్లు మండింది నాకు. అటు గురజాల మెట్టకూ ఇటు నరసరావుపేట నల్లరేగడికీ నడుమ, మిరపచేలూ పత్తిచేలూ నాపరాళ్ల క్వారీలూ ఉన్న ఊళ్లన్నీ కలిపి ఒక నియోజకవర్గంగా ఎన్నో ఎన్నికలు చూశాయి. తర్వాత హద్దులు మళ్లీ గీశారు. సగం ఊళ్లు అటు పోయాయి, సగం ఇటు పోయాయి. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, పేరు మాత్రం ఎన్నికల కాగితాల్లో లేకుండా పోయింది.

నేను రేపల్లె పిల్లని. జూనియర్ అసిస్టెంటుగా మొదటి పోస్టింగు బండ్లవాగులో ఇస్తే మా అమ్మ ఏడ్చింది. ఈపూరు మీదుగా వచ్చే బస్సులో కూర్చుని, కిటికీలోంచి కొట్టే వేడిగాలికి నేనూ ఏడుపు మొహంతోనే దిగాను. ఆఫీసులో మూల బల్ల దగ్గర బక్కపల్చటి మనిషి, కళ్లజోడుకు నల్లదారం కట్టుకుని, ఏదో జాబితాను వేలితో తడుముతూ చదువుతున్నాడు. నా ఆర్డరు కాగితం చూశాడు.

"ఏ ఊరమ్మాయ్?"

"రేపల్లె సార్."

"అబ్బో, నీళ్ల దేశం! ఇక్కడ నీళ్లు తక్కువ, ఓట్లు ఎక్కువ. దేన్నీ పారబొయ్యమాక."

వెటకారం చేస్తున్నాడనుకుని మూతి ముడుచుకున్నాను. నెల తిరిగేసరికి తెలిసింది, ఆయన ఓట్ల విషయంలో వెటకారం ఆడడని. మిగతా అన్నిటి మీదా ఆడేవాడు. నా వంట మీద, మా తహశీల్దారు గారి మీసం మీద, తన మోకాళ్ల నొప్పుల మీద కూడా. జాబితా చేతిలో ఉంటే మాత్రం నమాజుకు నిలబడ్డ మనిషిలా ఉండేవాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. జాబితా ముసాయిదా రాగానే అందరు ఆఫీసర్లూ గోడకు అంటించి, ఫొటో తీయించి, పైకి పంపేసి చేతులు దులుపుకునేవారు. ఈయన అంటించిన మర్నాడు ఊరికి వెళ్లి, దండోరా వేయించి, బడి వరండాలో కుర్చీ వేసుకుని మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా గట్టిగా చదివేవాడు. ప్రతి పేరుకూ ఎవరో ఒకరు పలకాలి. "ఉన్నా" అని మనిషే పలకొచ్చు, "క్వారీకి పోయాడు" అని పక్కింటివాళ్లు చెప్పొచ్చు. పలకకపోతే ఆ పేరు పక్కన పెన్సిలుతో చుక్క పెట్టి, సాయంత్రం ఆ ఇంటికి నడిచి వెళ్లేవాడు. కొట్టెయ్యడం ఒక పట్టాన జరిగేది కాదు. "సచ్చిపోయాడు సార్, కొట్టెయ్యండి" అని ఎవరన్నా గుంపులోంచి అరిస్తే ఆయన తలెత్తేవాడు.

"నువ్వెవరివి?"

"పక్కబజారు సార్."

"పక్కబజారోడు చెప్తే మనిషి సావడు. వాళ్ల ఇంటోళ్లు నా ముందుకొచ్చి నిలబడి చెప్పాల."

ఇంటివాళ్లు వచ్చేవారు. వాళ్ల ముందే పేరు మళ్లీ చదివి, ఒక క్షణం ఆగి, అప్పుడు గీత గీసేవాడు. మొదట్లో ఎండలో కూర్చుని నాకు ప్రాణం పోయేది. ఒక ఊళ్లో మధ్యాహ్నం మూడయినా సగం పేర్లు కాలేదు. ఆడవాళ్ల దగ్గరికొస్తే ఇంకా ఆలస్యం. మొగుడి పేరు ఏమిటమ్మా అంటే చెప్పరు, ముసిముసిగా నవ్వుతారు. పక్కనున్నామె అందుకోవాలి. ఆ పక్కనున్నామె వరసకు మరదలైతే సరిగ్గా చెప్పదు, "దాని మొగుడా, వాడి పేరు తిండిపోతు, రాసుకో సాయిబు" అంటుంది. అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు, నవ్వుతూనే అసలు పేరు చెప్పేదాకా కదలడు. జీపులో వస్తూ విసుక్కున్నాను. "సార్, అన్నీ ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకొచ్చారుగా, మళ్లీ ఈ పాట ఎందుకు?" అన్నాను.

ఆయన వాళ్ల నాయన సంగతి చెప్పాడు. మొట్టమొదటి ఎన్నికలప్పుడు వాళ్ల నాయన హుసేన్ సాహెబుకు ఎడ్లబండి ఉండేదట. ఓట్ల పెట్టెలు ఆ బండి మీదే వాగు దాటాలి. వాగులో మెడలోతు నీళ్లొస్తే, ఎడ్లను ఒడ్డున వదిలి పెట్టెను నెత్తిన పెట్టుకుని దాటాడట. ఆ సంగతి ఊరంతా ఏళ్ల తరబడి చెప్పుకున్నారు.

"మా అమ్మకి మాత్రం ఓటు లేదు," అన్నాడు. "రాసుకోటానికొచ్చినోళ్లు పేరడిగితే ఇంట్లో ఎవురూ చెప్పలా. ఆడమనిషి పేరు బయటోళ్లకి చెప్తారా? 'హుసేన్ సాహెబు పెళ్లాం' అని రాసుకుపోయారు. పేరు లేని మనిషికి ఓటేందని పైన కొట్టేశారు. పెట్టె మోసినోడి పెళ్లాం గడపలో నిలబడి పొయ్యే జనాన్ని చూస్తా ఉండిపోయింది."

"తర్వాత సార్?"

"రెండోసారి వచ్చినప్పుడు నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నా. మా నాయన ఎదురుగానే, 'మాబూబీ' అని గట్టిగా చెప్పింది. మా నాయన ఉలిక్కిపడ్డాడు. ఆమె పేరు ఆమె నోటి నుంచి నేను విన్నది ఆ ఒక్కసారే."

ఆ తర్వాత ఎండ గురించి నేను ఆయన దగ్గర ఎత్తలేదు. బంకలో వేపనూనె కూడా ఆ రోజుల్లోనే చూశాను. మైదాపిండి వాసనకు మేకలు వచ్చి ముందుకాళ్లు గోడకు ఆనించి మరీ జాబితాను తినేస్తాయట. నేను నవ్వితే, "నవ్వుతావేందమ్మాయ్, మేక తిన్న ఓటరు తిరిగి రాడు," అన్నాడు. అది కూడా ఆయన చాదస్తాల్లో ఒకటిలే అనుకున్నాను.

మూడో ఏడు పునర్విభజన ఉత్తర్వు వచ్చింది. తహశీల్దారు గారు కాగితం చదివి, "మస్తాన్‌వలి గారూ, మీ బండ్లవాగు ఎగిరిపోయింది," అన్నారు నవ్వుతూ. ఆయన కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్లి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాడు. ఆ రోజు ఎవరి మీదా వెటకారం ఆడలేదు. ఆయన రిటైర్‌మెంటుకు కూడా ఏడాదిలోపే ఉంది. మర్నాటి నుంచి పొడుగాటి నోట్‌బుక్ ఒకటి కొనుక్కొచ్చి బండ్లవాగు నియోజకవర్గం చరిత్ర రాయడం మొదలుపెట్టాడు. ఆఫీసులో ఒకటే నవ్వులు. "పోయినదానికి చరిత్ర ఏంది సాయిబు గారూ?" అంటే, "ఉన్నదానికి ఎవురన్నా రాస్తారు. పోయినదానికి ఎరిగినోడే రాయాల," అనేవాడు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది అందులో ఒక్కో ఎన్నికకు ఒక్కో లైనే. మిగతాదంతా ఏ ఊళ్లో ఏ బడిలో పెట్టె పెట్టారు, వరసలో ముందు నిలబడిందెవరు, వాన పడిందా, తాగునీళ్లు ఎవరు పోశారు. ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి అడిగి రాసుకునేవాడు. నాకూ పిచ్చిగానే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కొత్త హద్దులు అమల్లోకి వచ్చేలోపు మాకు ఒక ఉప ఎన్నిక వచ్చిపడింది. బండ్లవాగు పేరు మీద జరిగే ఆఖరి ఎన్నిక. సరిగ్గా ఆ ముందరే ఆయన భార్యకు కంటి ఆపరేషన్ అని గుంటూరు వెళ్లాడు, వారం సెలవు. వెళ్తూ వెళ్తూ అర్జంటు ఉత్తరాలకు పనికొస్తాయని నాలుగు ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి నా చేతికిచ్చాడు. "నీ మీద నమ్మకం అమ్మాయ్," అన్నాడు. నేను పొంగిపోయాను.

రెండో రోజే పై ఆఫీసు నుంచి ఫోను. జాబితాలో రెండేసి చోట్ల ఉన్న పేర్లు తీసేయాలి, గడువు దగ్గర పడింది, వెంటనే సిఫార్సు పంపండి అని. కంప్యూటరు ముందు కూర్చుని వెతికాను. క్వారీపాలెం అనే పేటలో దొరికింది నాకు దొంగల మూట. నాపరాయి కొట్టే కూలీల పేట అది. కోటయ్య, తండ్రి వెంకటకోటయ్య. మళ్లీ కోటయ్య, తండ్రి వెంకటకోటయ్య. కోటమ్మ, భర్త కోటయ్య. మళ్లీ కోటమ్మ, భర్త కోటయ్య. వయసులు కూడా అటూ ఇటూగా ఒకటే. పైగా అందరిదీ ఒకే ఇంటి నంబరు. ఒక్కడే మనిషి రెండు మూడు ఓట్లు పెట్టించుకున్నాడన్నమాట! ఎంత మోసం! మొత్తం ఇరవై మూడు పేర్లు పట్టుకున్నాను. ఆయన సంతకం పెట్టిన కాగితం మీద సిఫార్సు టైపు చేశాను. నోటీసులు పాలెం గోడకు అంటించమని మనిషిని పంపాను. బంకలో వేపనూనె పోయాలా అని అడిగాడు. "దండగ, ఉత్త మైదా చాలు," అన్నాను. అభ్యంతరాలేవీ రాలేదు. ఎట్లా వస్తాయి? అంటించిన పూట గడవకముందే నోటీసులు మేకలు తినేశాయని నాకు తర్వాత తెలిసింది.

రేపల్లె పిల్లకు తెలియని సంగతి ఈ ప్రాంతంలో పసిబిడ్డకు కూడా తెలుసు. బిడ్డ నిలవకపోతే కోటప్పకొండకు మొక్కుకుంటారు. పుట్టినవాడు కోటయ్య, పుట్టినది కోటమ్మ. తండ్రుల పేర్లూ అట్లా పెట్టినవే. ఒకే తాతకు నలుగురు కొడుకులుంటే నలుగురూ తమ పెద్దకొడుకుకు ఆ తాత పేరే పెట్టుకుంటారు. ఇంట్లో పెదకోటయ్య, నడిపికోటయ్య, గూని కోటయ్య అని పిలుచుకుంటారు గానీ కాగితం మీదికొచ్చేసరికి అందరూ కోటయ్యలే. ఇంటి నంబరంటారా, క్వారీ స్థలంలో గుడిసెలు వేసుకున్నవాళ్లకు ఎవరో ఎప్పుడో పాలెం మొత్తానికి ఒకటే నంబరు పడేసి పోయారు. ఇదంతా మస్తాన్‌వలి గారికి కొట్టినపిండి. ఆయన ఊళ్లో ఉండి ఉంటే నా సిఫార్సును ఒక్క చూపులో తోసిపారేసేవాడు. గుంటూరు నుంచి తిరిగొచ్చాక సిఫార్సు సంగతి చెప్పాను. ఎన్నికల హడావుడిలో ఉన్నాడు, "సరే" అన్నాడు, పేర్లు అడగలేదు. నేను చూపించలేదు.

పోలింగు రోజు మేమిద్దరం జీపులో బూత్‌లు చూసుకుంటూ వెళ్తున్నాం. పదకొండు గంటలకు క్వారీపాలెం బడి దగ్గర గుంపు. లోపలికి వెళ్లేసరికి ఒక ముసలామె బల్ల ముందు నిలబడి ఉంది. డెబ్బై ఏళ్లుంటాయి. పెట్టెలో మడతపెట్టి దాచుకున్న కోరారంగు చీర కట్టుకుంది, మడతల గీతలు ఇంకా పోలేదు. ప్రిసైడింగ్ ఆఫీసరు, ఎక్కడి నుంచో డ్యూటీకి వచ్చిన కుర్ర లెక్చరరు, జాబితా తిప్పి చూపిస్తున్నాడు. కోటమ్మ, భర్త కోటయ్య అన్న ఆమె పేరు మీద అడ్డంగా తొలగింపు ముద్ర. ఆమెకు చదువు రాదు గానీ ఆ ముద్రను వేలితో తడిమి చూసింది. మస్తాన్‌వలి గారిని చూడగానే, "ఏంది సాయిబూ, నేను సచ్చిపోయానంట గదా?" అంది.

ఆయన జాబితా అందుకుని ఒక్కొక్క పేజీ తిప్పాడు. ముద్ర, ముద్ర, ముద్ర. బయట ఇంకా ఇరవైమంది దాకా గోల చేస్తున్నారు. ఆయన నా వైపు తిరిగాడు. "ఎవురు కొట్టేశారు?" తడబడుతూ, "నేనే సార్. రెండుసార్లు ఉన్నాయనుకుని," అన్నాను. ఆయన మొహంలో రక్తం లేదు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. బడి మెట్ల మీదికి వెళ్లి, జనం ముందు నిలబడి, "తప్పు జరిగింది. ఈ అమ్మాయి కొట్టేసింది, కొట్టెయ్యమని సంతకం పెట్టింది నేను. చదవకుండా పెట్టా," అన్నాడు. ముప్పై ఏళ్లు పేరు పేరునా చదివిన మనిషి ఆ మాట అంటుంటే నేను భూమిలోకి కుంగిపోయాను.

పార్టీ ఏజెంట్లిద్దరూ లోపల్నుంచి వచ్చారు. ఎప్పుడూ కొట్టుకుని చచ్చే రెండు పార్టీలవాళ్లు ఆ పూట ఒక్కమాట మీదున్నారు. "సాయిబు గారూ, ఒక దారుంది," అన్నాడు పెద్దాయన. "లిస్టులో ఇంకో కోటమ్మ ఉంది. మొగుడి పేరు కూడా కోటయ్యే. ఆమె బేల్దారి పనికి హైదరాబాదు పోయింది, ఇవాళ రాదు. ఆ నంబరు మీద ఈమె చేత ఏయిద్దాం. మేమిద్దరం అభ్యంతరం చెప్పం." కుర్ర లెక్చరరు కూడా, "ఏజెంట్లు ఒప్పుకుంటే నాకేం లేదు సార్, మీరు చెప్పండి," అన్నాడు.

మస్తాన్‌వలి గారి చూపు కోటమ్మ మీదే ఉంది. ఆయన ఒప్పుకుంటాడేమో అని నాకు ఆశ పుట్టింది. ఒక్క ఓటన్నా పడితే నా తప్పు ఒక పిసరన్నా తగ్గుతుంది. "సార్, ఒప్పుకోండి సార్, పాపం పెద్దామె," అని బతిమాలాను.

"నీ తప్పు కడుక్కోటానికి ఇంకో ఆడమనిషి ఓటు వాడుకుంటావా?" అన్నాడు. గట్టిగా అనలేదు. నా వైపు చూడకుండానే అన్నాడు.

ఇన్నేళ్లలో నన్ను చాలామంది ఆఫీసర్లు తిట్టారు, మెమోలు ఇచ్చారు. ఏదీ ఇంత లోపలికి దిగలేదు. ఆయన కోటమ్మ దగ్గరికి వెళ్లి, "అక్కా, ఇవాళ నీ ఓటు పడదు. నేనేం చెయ్యలేను," అన్నాడు. ఆమె బయటికి నడిచి, బడి గోడ నీడన కూలబడింది. ఇంటికి పొమ్మని కొడుకు వచ్చి బతిమాలాడు. "ఓటుకని వచ్చా. అయిదింటిదాకా టైమన్నారుగా, అయిదింటిదాకా కూర్చుంటా," అంది. మస్తాన్‌వలి గారు మిగతా బూత్‌లకు ఇంకో ఆఫీసరును పంపించమని ఫోను చేసి, వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఎండ గోడ దాటి మా మీదికి వచ్చింది. ముగ్గురం జరిగాం. జరిగి కూర్చున్నాక ఆమే అడిగింది.

"మళ్లీ ఓట్లు ఎప్పుడు సాయిబూ?"

"వస్తయ్ అక్కా. కాకపోతే బండ్లవాగు పేరు మీద ఉండవ్. బండ్లవాగుని తీసేశారు. ఇక మీ పాలెం గురజాల వైపు."

ఆమె కళ్లు పెద్దవి చేసింది. "ఊరిని గూడా కొట్టేశారా? నన్నొక్కదాన్నే అనుకున్నా!"

ఆయన నవ్వాడు. నవ్వు ఆగలేదు, నవ్వుతూనే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆమె కూడా బోసినోటితో నవ్వింది. నేను మాత్రం మోకాళ్లలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. "ఊరుకోవే పిల్లా, ఓటేగా పోయింది, ప్రాణం పోలేదుగా," అని ఆమె నా వీపు నిమిరింది. అయిదు కొట్టగానే లేచి, చీర దులుపుకుని ఇంటికి వెళ్లింది.

ఆ ఎన్నికలో ఎవరు గెలిచారో నేను చెప్పలేను, నిజంగానే గుర్తులేదు. ఆయన రిటైరయ్యేదాకా మిగిలిన రోజులన్నీ మాకు క్వారీపాలెంతోనే సరిపోయింది. ఇరవై మూడు మందికీ కొత్త దరఖాస్తులు నా చేత రాయించాడు. తను ఒక్కదాని మీద కూడా పెన్ను పెట్టలేదు. ప్రతి గుడిసెకూ విడిగా నంబరు వేయించాడు. ఏ కోటయ్య ఎవరి కొడుకో, ఏ కోటమ్మ ఎవరి కోడలో నాకు నోటికి వచ్చేదాకా వదల్లేదు. ఆఖరి రోజు సన్మానంలో శాలువా కప్పితే తీసి మడిచి పక్కన పెట్టి, "కొత్త లిస్టు ఎప్పుడొస్తది?" అని తహశీల్దారు గారిని అడిగాడు.

రిటైరయ్యాక నోట్‌బుక్ నాకు ఇచ్చి టైపు చేసిపెట్టమన్నాడు. ఆదివారాలు కూర్చుని చేశాను. చివరి ఎన్నిక పేజీ చూసి నా చేతులు ఆగిపోయాయి. గెలిచినవాడికి ఎప్పట్లాగే ఒక్క లైను. దాని కింద, "ఈ ఎన్నికలో బతికుండీ ఓటు వేయలేకపోయినవారు" అని రాసి, ఇరవై మూడు పేర్లు వరసగా రాశాడు. ప్రతి పేరు పక్కనా ఇంట్లో పిలిచే పేరు కూడా. కింద, "ఇందుకు బాధ్యుడు: షేక్ మస్తాన్‌వలి" అని ఒక్క పేరే ఉంది. నేను అది టైపు చేసి, దాని కింద నా పేరు చేర్చాను. కాగితాలు తీసుకెళ్లి ఇస్తే ఆయన చివరి పేజీ దగ్గర ఆగాడు. నా పేరు మీద వేలు పెట్టి పైకి చదివాడు, ఊళ్లలో చదివినట్టే గట్టిగా. నాకు వేరే దారి లేదు. "ఉన్నాను సార్," అన్నాను. ఆయన తల ఊపి, కాగితాలు మడిచి, టీ పెట్టమని లోపలికి కేకేశాడు.

కొత్త నియోజకవర్గంలో మొదటి ఎన్నిక వచ్చినప్పుడు కోటమ్మ ఓటు వేసింది. ఆ రోజు ఆయన మోకాళ్ల నొప్పులతోనే బస్సెక్కి వచ్చి, బూత్‌కు దూరంగా రోడ్డు మీద నిలబడ్డాడట. ఆమె సిరా వేలు ఎత్తి చూపిస్తూ వచ్చిందని ఆయనే ఫోనులో నాకు చెప్పి మురిసిపోయాడు. ఆ తర్వాత మూడేళ్లకు ఆయన పోయాడు. అప్పుడు నేను వేరే చోట ఉన్నాను, మట్టికి అందలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆయన పేరు ఏ ఆఫీసులో ఎవరు కొట్టేశారో, కొట్టేముందు పైకి చదివారో లేదో కూడా నాకు తెలియదు.

నేనిప్పుడు ఆయన చేసిన ఉద్యోగమే చేస్తున్నాను. నా కింద పనిచేసే పిల్లలు నన్ను తిట్టుకుంటారని తెలుసు. ట్యాబులో ఒక్క నొక్కు నొక్కితే పోయే పేరుకు ఈమె ఊళ్లు పట్టుకుని తిరుగుతుందేంటి అని. తిట్టుకోనీ. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టను, మనిషి ఇంటి ముందు నిలబడకుండా పేరు తీయను. ఇది నా గొప్పతనం ఏమీ కాదు, భయం. ఆ బడి గోడ నీడ నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

పోయిన వారం క్వారీపాలెం నుంచి ఒక తొలగింపు దరఖాస్తు వచ్చింది. పేరు చూసి జీపు కూడా పిలవకుండా బస్సులోనే వెళ్లాను. వాకిట్లో కోడలు నాగమణి మంచం వాల్చింది. కూర్చోబుద్ధి కాలేదు. ఇంటివాళ్లంతా వచ్చి నిలబడ్డాక జాబితా తెరిచి, "కోటమ్మ, భర్త కోటయ్య," అని గట్టిగా చదివాను. ఎవరూ పలకలేదు. నేను ఆగాను. నాగమణి కొంగుతో మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చింది.

"ఈసారి నిజంగానే పోయిందమ్మా," అంది. "కొట్టేసుకో."

పెన్ను తీశాను. ఆ పేరు కొట్టెయ్యడం నాకు ఇది రెండోసారి. నిదానంగా గీత గీశాను. నాగమణి నా పక్కనే నిలబడి, అది పూర్తయ్యేదాకా చూసి, అప్పుడు లోపలికి వెళ్లింది.